ఒక్క గోలెంలో కలిపిన కుడితి

కొమురవ్వ పందుల షెడ్డులో పనిచేస్తుందన్న సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదని నమ్మే మనిషి ఊరు మొత్తంలో ఒక్కతే ఉండేది. అది కొమురవ్వ. మిగతావాళ్లందరికీ తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది? పొద్దున బస్సెక్కి జగిత్యాల రోడ్డు మీది సర్కారు షెడ్డుకు పోయి, పొద్దుగూకే వేళకు తిరిగి బస్సెక్కేసరికి ఆమెతోబాటు ఒక వాసన కూడా టికెట్టు లేకుండా ఎక్కేది. మంగళవారం, శనివారం కొండగట్టు భక్తులతో బస్సు కిక్కిరిసి ఉన్నా కొమురవ్వకు మాత్రం కిటికీ పక్క సీటు, దాని పక్క సీటు, రెండూ దొరికేవి. అది తన వయసుకు జనం ఇచ్చే మర్యాద అనుకునేదామె.

ఎక్కడ పని అని అడిగినవాళ్లకు పశువుల దవాఖానలో అని చెప్పేది. పూర్తిగా అబద్ధమని కూడా అనలేం. షెడ్డు ఆ శాఖదే, లోపల ఉన్నవీ పశువులే. కాకపోతే రెండెకరాల కాపుదనమున్న ఇంటి కోడలు, పైగా మొగుడు లచ్చయ్య బెల్లంపల్లి బొగ్గుబాయిలో పర్మినెంటు కార్మికుడు. అలాంటి ఇంటి ఆడది సీమపందులకు కుడితి పోస్తున్నదంటే చుట్టాల్లో తలెత్తుకోలేమని ఆమె భయం. ఏళ్ల తరబడి బీడీలు చుట్టి చుట్టి, దగ్గుతో ఊపిరి సలపక ఆ పని మానుకున్నాక, నెలనెలా జీతం దొరికే పని ఇదొక్కటే కనబడింది. మొదటి వారం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని పనిచేసింది. రెండో వారం కొంగు తీసేసింది. నెల తిరిగేసరికి తెల్లటి ఆడపందుల వీపులు బ్రష్షుతో రుద్దుతూ వాటికి ఇంటి ముచ్చట్లు చెప్పడం మొదలుపెట్టింది. అవి మధ్యలో అడ్డం మాట్లాడవు, విన్నది పక్కింట్లో చెప్పవు.

షెడ్డుకు పెద్ద దయాకర్‌రావు. ముప్పై ఏళ్ల పశువుల డాక్టరు, పెద్దపల్లి వైపు దొరల ఇంటి అబ్బాయి. భూములు పోయినా దర్జా మిగిలిన ఇల్లు. తల్లి ఇందిరాదేవికి తాను ఆవుల మీద పరిశోధన చేస్తున్నానని చెప్పాడు. ఆవిడ ఊరుకోక, మా వాడు గోసేవ చేస్తున్నాడని చుట్టాలందరికీ చెప్పుకుంది. ఇక ఆ మాట వెనక్కు తీసుకునే దారిలేక, ఇంటికి పోయే ప్రతిసారీ అతను షెడ్డు వెనక బోరింగు కింద కూర్చుని ఎర్ర సబ్బుతో తోలు ఊడేలా రుద్దుకునేవాడు. ఆ సబ్బులో సగం కొమురవ్వ వాడేది. ఒకరి గుట్టు ఒకరికి తెలిసినవాళ్లు కనుక ఇద్దరికీ బాగా పొసగింది.

ఇదంతా పైపై భయం. కొమురవ్వకున్న అసలు బెంగ వేరే. అది కొడుకు రాయమల్లు కడుపు.

రాయమల్లుకు ఇరవై నాలుగేళ్లు. బడికి పోయే వయసు నుంచీ వాడి కడుపు వాడి మాట వినలేదు. పెళ్లి విందుకు పోతే పాయసం వడ్డించాక కనబడేవాడు కాదు. బడిలో వాడు చెయ్యెత్తకముందే పంతులు పోరా అని పంపించేవాడు. ఊళ్లో ఎవరైనా చెంబు పోయిందంటే ముందు రాయమల్లు ఎటు పోయాడో చూసేవాళ్లు. కొని పోసే పాలు చాలడం లేదని, వాడి పేగులు గట్టిపడాలని కొమురవ్వ పుస్తెలు కుదువ పెట్టి ఒక బర్రెను కొన్నది. పొద్దున గ్లాసెడు, సాయంత్రం గ్లాసెడు, నురగ మీద పాలు తాగించేది. వద్దంటే కళ్లనీళ్లు పెట్టుకునేది కాబట్టి వాడు కళ్లు మూసుకొని తాగేవాడు. మధ్యలో రెండేళ్లు దుబాయిలో తాపీ పనికి పోయాడు. ఆ ఎడారిలో, క్యాంపు తిండి తింటూ, నల్ల చాయ తాగుతూ, ఒక్కనాడు కడుపు పట్టుకోలేదు. దవడలు నిండి దొరబాబులా తిరిగొచ్చాడు. ఇంట్లో దిగిన మర్నాటి నుంచి కథ మళ్లీ మొదలు. ఊరి పెద్దలు కూర్చుని ఆలోచించి, వీడికి దుబాయి నీళ్లు పడ్డాయి, ఊరి నీళ్లు పడడం లేదని తేల్చారు. కొమురవ్వ వెంటనే మధ్యాహ్నం కూడా ఒక గ్లాసు పెంచింది.

వాడి కడుపు అలా ఎందుకైందో ఆమెకు తెలుసు. తెలుసునని వాడి వయసంత కాలంగా అనుకుంటున్నది. 1969లో వాడు ఆమె కడుపులో ఉన్నప్పుడే పెద్ద యారాలు యాదవ్వ కూడా నీళ్లు పోసుకుంది. యారాలంటే లచ్చయ్య అన్న పెళ్లాం. యాదవ్వకు అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. అందుకని అత్త శంకరవ్వ ఇంట్లో ఉన్న ఒక్క సీసా నువ్వుల నూనెను పెట్టెలో పెట్టి తాళం వేసి, రోజూ పొద్దున చిన్న గిన్నెలోకి ఒంపి యాదవ్వ చేతికిచ్చేది. తొలిచూలు, వయసులో ఉన్నదానివి, నీకేం తక్కువ అని కొమురవ్వకు ఉత్త జొన్నరొట్టె, పచ్చిపులుసు. పొయ్యి దగ్గరి పని యాదవ్వది, పొలం పని కొమురవ్వది. నడుము మీద చెయ్యేసుకొని కొమురవ్వ గడపలో నిలబడి ఆ గిన్నెలోకి జారే నూనెను చూసేది. చూసి, తన వాటా రొట్టె మూటగట్టుకొని పొలం పోయేది. ఆ ఏడు జొన్నలు మంచివేమో, రొట్టె మెత్తగానే ఉండేది గానీ, ఆమె మనసు మాత్రం మెత్తబడలేదు.

యాదవ్వ కొడుకు ఓదెలు పుట్టాడు. వాడు రాళ్లు తిని హరాయించుకునే రకం. పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం పెడితే ఓదెలు రెండోసారి పెట్టమనేవాడు, రాయమల్లు చెంబు అడిగేవాడు. అది చూసిన ప్రతిసారీ కొమురవ్వ కడుపు రగిలిపోయేది. పిల్లలు పెరిగినకొద్దీ యారాలితో మాటలు తగ్గించింది. అత్త పోయి, వాటాలు పంచుకొని, వాకిట్లో నడుమెత్తు గోడ కట్టుకున్నాక మాటలు పూర్తిగా బందయ్యాయి. తప్పనిసరైతే ఇద్దరూ గోడ మీద పడుకునే పిల్లితో చెప్పేవాళ్లు. ఓ పిల్లీ, కరెంటు బిల్లు మనిషి వచ్చిపోయిండు అని ఒకరు, సరే పిల్లీ అని ఇంకొకరు. పిల్లి పాపం ఇద్దరివీ వినేది.

1993లో షెడ్డులో ఎనిమిది ఆడపందులు ఒకేసారి చూడి కట్టాయి. దయాకర్‌రావు సముద్రం వైపు నుంచి డబ్బాల్లో చేప నూనె తెప్పించాడు. మూత తీసినప్పుడు అతనే రెండడుగులు వెనక్కి వేశాడు. పందులు మాత్రం ముట్టెలు పైకెత్తి లొట్టలేశాయి. ఇంత కంపు కొట్టేదాన్ని చూడి పశువులకు ఎందుకు పెట్టాలని కొమురవ్వ అడిగితే అతను సంబరంగా చెప్పుకొచ్చాడు. అడిగేవాళ్లు లేక అతని నోట్లో మాటలు అలాగే నిలవ ఉన్నాయి మరి.

పిల్ల పుట్టి పాలు తాగాకే పేగు తయారవుతుందని అందరూ అనుకుంటారట. అసలు పనిలో సగం తల్లి కడుపులోనే అయిపోతుందట. పేగు లోపలి గోడకు మఖ్మలు బట్టకున్నట్టు నూగు ఉంటుంది. తిన్నదాన్ని పట్టుకొని ఒంటికి అందించేది ఆ నూగే. తల్లి తినే నూనెలో కొవ్వు ఆమ్లాలు ఉంటాయి, అవి తల్లి రక్తంలో కలిసి, మావి దాటి పిల్లకు చేరి, ఆ పేగు గోడలోనే ఇమిడిపోతాయి. చేప నూనెలో ఉండే రకం అందితే పిల్ల పేగు చక్కెరను బాగా గుంజుకుంటుందని, పాలు మరిపించే రోజుల్లో పారుడు రోగంతో చిక్కిపోదని అతని అంచనా. అంచనా నిజమో కాదో తేలాలంటే నాలుగు పందులకు నూనె పెట్టాలి, నాలుగింటికి పెట్టకూడదు. పెట్టనివాటిని పస్తుంచడం లేదు, నూనె బదులు అంతే బలమిచ్చే నూకలు. ఈనిన తర్వాత ప్రతి ఈతలో ఒక పిల్లను కోసి పేగు చూస్తారు, మిగతావాటిని తూకం వేస్తూ పోతారు.

కొమురవ్వ చేతిలో బ్రష్షు అలాగే ఆగిపోయింది.

"గట్లనా సారూ. తల్లి ఎండుది తింటే పిల్ల పేగు కడుపులనే ఖరాబైతదా?"

"గదే చూస్తున్న కొమురవ్వా. పందులల్ల ఏమైతదో చూసి చెప్త. మనుషుల సంగతి నేను చెప్పలేను."

ఆ రెండో మాట ఆమె చెవిన పడలేదు. మనకు కావలసిన మాట దొరికాక తర్వాతి మాట ఎవరం వింటాం? ఇన్నేళ్లు ఎవరినీ అడగలేకపోయిన సంగతి ఈ ఎనిమిది పందులు చెప్పబోతున్నాయి. నూనె లేని నాలుగింటి పిల్లలు చిక్కిపోతే రాయమల్లు కడుపు చెడింది ఆ ఎండు రొట్టె వల్లే. తప్పు అత్తది, గిన్నె పట్టుకొని కూర్చున్న యాదవ్వది. చిక్కకపోతే తప్పు ఇంకెవరిదో, ఒకవేళ తనదేనేమో. బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఆమె ఆ సాయంత్రమంతా ఇదే ఆలోచించింది, తన ఊరు దాటిపోయి తర్వాతి స్టేజీలో దిగి నడుచుకుంటూ వెనక్కి వచ్చింది.

మర్నాటి నుంచి పరీక్ష మొదలైంది. డాక్టరు పొద్దున్నే స్కూటరు మీద వచ్చి, గాజు కొలపాత్రలో నూనె కొలిచి నాలుగు బకెట్లలో తానే పోసి, మిగతా నాలుగింటిలో నూకలు వేసి, ఏ బకెట్టు ఏ గదికో చూపించి జగిత్యాల పశువుల దవాఖానకు పోయేవాడు. మొదటి రోజు కొమురవ్వ చెప్పినట్టే పెట్టింది. నూనె బకెట్టు పక్క గదిలో పెట్టేసరికి చిరిగిన చెవి పంది ఒకటి తన బకెట్టు వదిలేసి, కడ్డీల సందులో ముట్టె పెట్టి, పక్కదాని తిండి వైపు చూస్తూ నిలబడింది. మూతి నుంచి చొంగ కారుతున్నది. తన బకెట్టులో నూకలు నిండుగానే ఉన్నాయి, కానీ దాని చూపంతా అవతలి వైపే ఉంది.

కొమురవ్వకు ఆ పూట సద్ది గొంతు దిగలేదు. వాళ్ల వైపు కడుపుతో ఉన్నది గడపలో నిలబడి ఉండగా ఇంకొకరికి వడ్డించరు. ఎంత లేనింట్లో అయినా పొయ్యి మీద ఏది ఉడికితే అది ముందు ఆమె నోట్లో ఇంత పెట్టిగానీ తినరు. పెట్టకపోతే లోపలి బిడ్డ ఉసూరుమంటుందని నమ్మకం. అత్త శంకరవ్వ సొంత ఇంట్లో, సొంత కోడలికి ఆ మర్యాద తప్పింది. ఇప్పుడు గడపలో పంది నిలబడింది, వడ్డించే గరిటె కొమురవ్వ చేతిలో ఉంది.

రెండో రోజు కూడా ఓర్చుకుంది. మూడో రోజు డాక్టరు స్కూటరు చప్పుడు మలుపు తిరిగేదాకా ఆగి, బోరింగు పక్కనున్న పెద్ద కుడితి గోలెం బూడిదతో కడిగింది. ఎనిమిది బకెట్లూ అందులో కుమ్మరించి, కట్టెతో బాగా కలిపి, తిరిగి ఎనిమిదింటికీ సమంగా పంచింది. చిరిగిన చెవిది బకెట్టు అడుగు దాకా నాకి తలెత్తింది. నీకు దక్కింది తీయే అని కొమురవ్వ దాని వీపు తట్టింది. ఆ రోజు నుంచి ఈనేదాకా ఒక్కరోజు కూడా ఆమె గోలెం తప్పలేదు.

తాను మోసం చేస్తున్నానని ఆమెకు తోచనే లేదు, ఇక్కడే ఉంది తమాషా. సారు పోసేది నాలుగింటికే పోస్తున్నాడు, రాసుకునేది రాసుకుంటున్నాడు. ఆయన పని ఆయన చేసుకున్నాక తాను పంచుకుంటే ఆయనకేం పోయింది? పొద్దున గోలెంలో కట్టె తిప్పేది ఆమే, సాయంత్రం బస్సులో కూర్చొని నూనె తినని పందుల పిల్లలు ఎలా పుడతాయో అని గుండె చిక్కబట్టుకునేదీ ఆమే. ఈ రెంటికీ ఒకదానితో ఒకటికి సంబంధం ఉందని ఆమె తలలో మెరవలేదు. నవ్వకండి. ఇంట్లో పది రోజులు ఉపవాసముండి ఉపవాసం వల్లే లావైపోతున్నానని చెప్పేవాళ్లను మనం చూడలేదా?

కార్తీకంలో ఒకదాని వెనక ఒకటి ఎనిమిదీ ఈనాయి. పిల్లలన్నీ బొద్దుగా, గులాబీ రంగులో, ఒకే ఇంటి చుట్టాల్లా ఉన్నాయి. దయాకర్‌రావు తూకం వేశాడు, నమ్మకం కుదరక తక్కెడ మార్చి మళ్లీ వేశాడు. పిల్లల్ని కోసే పూట కొమురవ్వ బోరింగు దగ్గరికి పోయి అటు తిరిగి కూర్చుంది. తీసిన పేగులను సీసాల్లో పెట్టి హైదరాబాదు పంపారు. అక్కడి నుంచి జవాబుతోబాటు జీపులో జనార్దన్‌రావు దిగాడు. దయాకర్‌రావు పని బాగోగులు చూసే పెద్దాయన, పందులంటే మొదటినుంచీ గిట్టనివాడు. ఉన్నంతసేపూ ముక్కు మీది రుమాలు తీయకుండానే మాట్లాడాడు. ఎనిమిది ఈతల పేగులూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి, తల్లి తినే కొవ్వుకూ పిల్ల పేగుకూ సంబంధం లేదని తేలిపోయింది, ఈ తతంగం ఆపేసి షెడ్డులో కోళ్లు పెట్టుకోండి అన్నాడు. ఇది తనకు ముందే తెలుసని కూడా అన్నాడు. అలా అనే అవకాశం వస్తే వదులుకునే పెద్దాయన ఇంకా పుట్టలేదు.

గోడ అవతల బ్రష్షు పట్టుకున్న కొమురవ్వ ఆ మాట వింది. సంబంధం లేదు! అంటే ఎండు రొట్టెకూ రాయమల్లు కడుపుకూ సంబంధం లేదు. ఆమెకు ఒంటి మీద బరువేదో దించినట్టయింది. ఆ తేలిక బోరింగు దాకా నడిచేంతసేపు ఉంది. బోరింగు పక్కన గోలెం కనబడింది.

గోలెం ముందు ఆమె ఆగింది. ఎనిమిదీ ఒక్క గోలెం తిండి తింటే పిల్లల పేగులు ఎనిమిది రకాలుగా ఎందుకుంటాయి? పందులు ఏమీ చెప్పలేదు. తాను కలిపింది తనకే తిరిగి వడ్డించారు, అంతే. ఇన్నేళ్లకు తెలియబోయిన ఒక్క సంగతినీ తన చేతులతో తానే కట్టె పెట్టి కలిపేసుకుంది. రోజూ కలిపిందన్న సంగతి తలుచుకొని తన నెత్తి తానే కొట్టుకుంది.

చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. జీపు పోయాక దయాకర్‌రావు మెట్ల మీద టిఫిన్ డబ్బా మూత తీయకుండా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. రెండేళ్ల పని, దాని మీదే రాయవలసిన పెద్ద డిగ్రీ పరీక్ష, అన్నీ పోయిన మొహం. కొమురవ్వకు ఆ మూత తీయని డబ్బా చూస్తే ఉండబట్టలేదు. ఎడంగా నేల మీద కూర్చుంది.

"సారూ, పందులు అబద్ధం ఆడలే. నేనే ఆడిపిచ్చిన," అంటూ గోలెం సంగతంతా చెప్పింది.

దయాకర్‌రావు లేచాడు. షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగివచ్చాడు. గోలెంలోకి తొంగిచూశాడు, అక్కడేదో ఇంకా మిగిలి ఉన్నట్టు.

"రోజూ కలిపినవా?"

"రోజూ సారూ. బతుకమ్మ పండుగనాడు గూడ అచ్చి కలిపిపోయిన."

"నాలుగింటికి పెట్టకపోతెనే కదా కొమురవ్వా, పెట్టినదాని గుణం తెలిసేది. నా రెండేండ్ల కష్టం తీస్కపోయి గోలెంల కలిపినవ్."

"కడుపుతోని ఉన్నదాని ముందట ఇంకోదానికి ఎట్ల పెడ్త సారూ. నాతోని కాలే."

ఆమె ఏడవలేదు, అతను అరవలేదు. రేపటి నుంచి రావద్దని మాత్రం అన్నాడు. అలా అన్నవాడే నెల తిరగకముందే మనిషిని పంపి పిలిపించాడు. జరిగింది జరిగినట్టు చెబితే జనార్దన్‌రావు అంతటివాడు రుమాలు తీసి మరీ నవ్వి, ఇంకో ఈతకు ఒప్పుకున్నాడట. రెండోసారి నూకలు తినే నాలుగింటినీ బోరింగు అవతల వేరే కొట్టంలో పెట్టారు. ఒకదాని బకెట్టు ఇంకొకదానికి కనబడకుండా అడ్డం తడికె కట్టమని అడిగింది కొమురవ్వే. కనబడకపోతే వాటికీ బాధ ఉండదు, తనకూ ఉండదు అన్నది. అప్పుడు పేగుల్లో తేడా తేలింది, డాక్టరు ఆశించినంత కాకపోయినా తేలింది. అయితే అదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం మాత్రం కొమురవ్వ తన పని పోయిందనే అనుకుంటూ, మొదటిసారి బస్సులో కిటికీ పక్క సీటు వద్దని నిలబడే ఇంటికొచ్చింది.

వాకిట్లో చతికిలబడి, రాయమల్లు అడిగిందే తడవుగా మొదటి నుంచి చివరిదాకా చెప్పుకొని ఏడ్చింది. పందుల సంగతి, చేప నూనె, గోలెం, వాడు కడుపులో ఉన్నప్పటి ఎండు రొట్టె, ఏదీ దాచలేదు. పందుల దగ్గర పని అని చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది.

"పందుల సంగతి ఊరందరికి ఎర్కనే అవ్వా," అన్నాడు రాయమల్లు.

ఆమె ఆ ముక్కకు ఏడుపు ఆపి కొడుకు మొహం చూస్తుండగా, గోడ అవతల చేటలో బియ్యం ఏరుతున్న యాదవ్వ పెద్దగా నవ్వింది. ఆపుకోవాలని కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. కొమురవ్వకు ఒళ్లు మండిపోయింది. ఓ పిల్లీ, ఒకల ఇంట్ల పీనుగు లేచినా నవ్వేటోళ్లు ఉంటరే అన్నది. పిల్లి అప్పుడు ఇంట్లో లేదు. యాదవ్వ చేట కింద పెట్టి, చీర మోకాళ్ల దాకా ఎత్తి, వయసుకు మించిన పని అని తెలిసినా నడుమెత్తు గోడ ఎక్కి ఇవతలికి దిగింది. ఇన్నేళ్లలో ఆ గోడ దాటిన మొదటి మనిషి ఆమే.

"నువ్వు ఎండు రొట్టె తిన్ననని అనుకుంటున్నవానే ఇన్నేండ్ల సంది? అత్త నా గిన్నెల పోసిన నూనె నేనొక్కదాన్నే తిన్ననా? ఇంటి పిండి మొత్తం పిసికేది నేనే కద. గిన్నె గిన్నె ఆ పిండిల వంపిన, రోజూ. నా రొట్టెకు ఎంతనో నీ రొట్టెకు గంతే."

కొమురవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "జొన్నలు మంచియి, అందుకే మెత్తగున్నదనుకున్న," అన్నది.

"ఆ ఏడు జొన్నలు సగం పుచ్చువే."

యాదవ్వ నవ్వు అప్పటికి ఆగిపోయింది. "రెండు పోయినయి నాకు. గదన్న నిలువాలని నాకు లేకుండెనా? ఉండె. కని నువ్వు గడపల నిలవడి చూస్తుంటే నాకు ముద్ద దిగలే. అత్త బతికున్నప్పుడు చెప్తే నన్ను ఎల్లగొడ్తుండె. అత్త పోయినంక చెప్పుదామంటే, నువ్వు పిల్లితోని తప్ప నాతోని మాట్లాడితివా?"

కొమురవ్వకు చిరిగిన చెవి పంది గుర్తొచ్చింది. తన ఇంట్లో కూడా అప్పుడు ఒక గోలెం ఉందన్నమాట. ఆ గోలెంలో తన వాటా ఎవరో కలిపి పెట్టారు. అది తిని, పెట్టినదాని మొహం చూడకుండా ఇన్నేళ్లు బతికింది. సిగ్గు, ఏడుపు, ఇంకేదో చల్లటిది, అన్నీ ఒక్కసారే వచ్చి ఏది ముందు బయటపెట్టాలో ఆమెకు అర్థం కాలేదు. చివరికి తన కొడుకు కడుపే అడ్డం వేసుకుంది. మరి వాడి పేగు ఎందుకట్లయింది అని అడిగింది.

"పేగు మంచిగనే ఉన్నది. వానికి పాలు పడయి," అన్నది యాదవ్వ. "చిన్నప్పటి సంది చూస్తున్న. నువ్వు నాట్లకు పోయిననాడు నేను పచ్చిపులుసు పోసి పెడితే పొద్దుగూకేదాక ఆడేటోడు. నీ చేతి పాలు కడుపుల పడంగనే చెంబు పట్టేటోడు. దుబాయిల నల్ల చాయ తాగిండు, బొద్దుగైండు. పిల్లికి ఎన్నిసార్లు చెప్పిన్నో లెక్కలేదు."

కొమురవ్వ కొడుకు వైపు తిరిగింది. రాయమల్లు తల గోక్కున్నాడు. "నేను గూడ వద్దనే అంటి అవ్వా. నువ్వు ఏడ్వవడ్తివి."

పొయ్యి మీద సాయంత్రం పాలు కాగి పొంగుకు వచ్చాయి. ఏళ్ల అలవాటు చొప్పున కొమురవ్వ లేచి, గ్లాసులో పోసి, నురగ లేపి, తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. అలవాటు చొప్పునే వాడు కళ్లు మూసుకొని గ్లాసు ఎత్తాడు. ఇద్దరు ఆడవాళ్లూ ఒక్కసారే దాని మీద పడ్డారు. యాదవ్వ చెయ్యి ముందు అందింది. గ్లాసు లాక్కొని, కొంగుతో పట్టుకొని, ఊదుకుంటూ తాగడం మొదలుపెట్టింది. సగం దాకా తాగింది.

కొమురవ్వ ఆమెనే చూస్తూ గడపలో నిలబడింది.

"జర నాకుంచు అక్కా," అన్నది.